చింతపండు ఎప్పుడు వెయ్యాలి

మా అమ్మ పప్పుపులుసు పెడుతున్నప్పుడు పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. దానికి కారణం నేనే. జయపురంలో మేమున్న పెంకుటింట్లో ఒక ఆదివారం, సాయం చేస్తున్నానన్న గర్వంతో, కందిపప్పు ఇంకా పలుకు మీద ఉండగానే చింతపండు రసం గిన్నెలో కుమ్మరించాను. ఆ తర్వాత ఎన్ని కట్టెలు తోసినా పప్పు మెత్తబడలేదు. ఆ పూట ఇంటిల్లిపాదీ పలుకులు నములుకుంటూ తిన్నారు. అమ్మ తిట్టలేదు. "పులుపు పడ్డాక పప్పు ఉడకదురా. ఉడికాకే పులుపు" అంది, అంతే.

అది కెమిస్ట్రీ అని తెలియడానికి నాకు మరో పదేళ్లు పట్టింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి మా ఊరి రాజావారి పేరే ఉంది, జయపురం విక్రమదేవ వర్మ. ఏటా లక్ష రూపాయలిస్తానని మాటిచ్చి, ఆ రోజుల్లో ఆ విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన మనిషి. ఆయన పేరున్న గోడల మధ్య కూర్చుని పీహెచ్ గురించి వింటున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పలుకు పప్పే. అదే గిన్నె, అవే సరుకులు, అదే మంట. తప్పిందల్లా వరస.

ఈ పుస్తకంలో ఇంతవరకూ పట్టుదల గురించీ, సమయం గురించీ మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం వరస గురించి. ఇలాంటి సంగతులు నీతికథలుగా చెబితే అందరూ తలూపి, పేజీ తిప్పి, మరిచిపోతారు. నేనూ అంతే. అందుకని నా వృత్తి నుంచే చెబుతాను: లోహపు పూత పనిలో మిగిలే విషపు నీళ్లను ఎలా విరవాలో. మీకు ప్లేటింగ్ షాపు ఉంటే ఇది నేరుగా పనికొస్తుంది. లేకపోతే కథలా చదవండి. మీ పనిలో చింతపండు ఏదో మీకే తడుతుంది.

మా వైపు, అంటే ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో, లోహం పని కొత్తేమీ కాదు. సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీ 1964 నాటిది, మిగ్ విమానాల ఇంజిన్ల కోసం పెట్టింది. దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా. రాయగడ జిల్లా తేరుబలిలో ఇంఫా వాళ్ల ఫెర్రో ఎల్లాయ్స్ కొలుములు. ఇలాంటి పెద్ద ఫ్యాక్టరీలకు సొంత శుద్ధి కేంద్రాలుంటాయి, జీతమిచ్చి పెట్టుకున్న కెమిస్టులుంటారు. నేను మాట్లాడేది రెండు మూడు తొట్లు, ఒక రెక్టిఫైయరు, ఇద్దరు కుర్రాళ్లతో నడిచే షాపుల గురించి. బండి సైలెన్సర్లు, తలుపు గొళ్లాలు, షోకేసు రాడ్లు మెరిపించే చోట్లు. అక్కడ కెమిస్టు లేడు. యజమానే అన్నీ.

నా మేనల్లుడిది అలాంటి షాపే, రాయగడ పక్కన. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఎంత సున్నం వేసినా పసుపు పోవట్లేదు."

"ముందు ఏం వేశావు?"

"సున్నమే."

"తర్వాత?"

"ఎస్‌ఎంబీఎస్ రెండు కిలోలు. అప్పుడూ పోలేదు. బోరు నీళ్లు పట్టాక తేటపడింది. వదిలేశాను."

వాడు బద్ధకస్తుడు కాదు. రెండు రకాల మందు కొన్నాడు, గంటల తరబడి కలియబెట్టాడు. చేయాల్సినవన్నీ చేశాడు, చింతపండు ముందేసిన నాలాగే. చివర చేసినది మాత్రం మోసం, వాడికి తెలియకుండా వాడే చేసుకున్న మోసం. నీళ్లు కలిపితే పసుపు పోతుంది. పసుపు ఇచ్చిన లోహం పోదు.

లెక్క చూడండి. క్రోమ్ పూత తొట్టిలో మామూలుగా లీటరుకు 250 గ్రాముల దాకా క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. అందులో క్రోమియం 130 గ్రాములు. పూత పరిశ్రమ బయటికి వదిలే నీటిలో ఈ పసుపు రకం క్రోమియం, అంటే హెక్సా క్రోమ్, లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని మన దేశపు పర్యావరణ నియమాలు. తొట్టిలోని ఒకే ఒక్క లీటరును వట్టి నీళ్లతో పలచన చేసి ఆ హద్దుకు తేవాలంటే 13 లక్షల లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 260. వాడు పట్టిందేమో రెండు డ్రమ్ములు. హెక్సా క్రోమ్ లీటరుకు అర మిల్లీగ్రాము ఉన్నా గాజు గ్లాసులో మామూలు నీళ్లలానే కనిపిస్తుంది. హద్దుకు అది ఐదు రెట్లు. ఈ పనిలో కంటిని సాక్షిగా పిలవకూడదు.

ఆ నీళ్లు ఎటు పోతాయి? రాయగడ వైపు నాగావళి ఉంది. అది కిందికి దిగి తోటపల్లి మీదుగా శ్రీకాకుళం చేరుతుంది. జయపురం వైపు కొలాబ్ ఉంది. అదే పోను పోను శబరి అయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాస్త ఉత్తరాన ఇంద్రావతి, అదీ గోదావరికే. మా కొండల మీద కాలవలో పోసినది ఎప్పటికైనా తెలుగు వాళ్ల పొలాల మీదుగానే సముద్రానికి పోవాలి.

ఇప్పుడు వరసకు వద్దాం. వాడి సున్నం ఎందుకు పని చేయలేదు?

క్రోమియానికి రెండు ముఖాలు. పసుపు ముఖం హెక్సా, ఆకుపచ్చ ముఖం ట్రై. మామూలుగా లోహాలు నీటిలో ధన విద్యుదావేశంతో ఉంటాయి. సున్నమో, కాస్టిక్ సోడానో వేస్తే వాటితో జత కట్టి, కరగని పొడిగా అడుగుకు దిగుతాయి. హెక్సా క్రోమ్ అలా ఉండదు. ఆక్సిజన్‌ను చుట్టూ కప్పుకుని రుణావేశంతో తిరుగుతుంటుంది. చూడటానికి సల్ఫేటులా ఉంటుంది, సున్నానికి లొంగదు. అదే వేషంతో మన ఒంట్లో కణాల్లోకీ దూరుతుంది. కణాలు దాన్ని సల్ఫేటనుకుని తలుపు తీస్తాయి. ఊపిరితో లోపలికి పోతే ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. తొట్టి మీద లేచే సన్నటి తుంపర పీల్చే కుర్రాడికి ముక్కు లోపలి గోడకు పుండు పడి, చివరికి చిల్లు పడటం ఈ వృత్తిలో పాత కథ. ట్రై అంత చురుకైనది కాదు, సున్నం చెప్పిన మాట వింటుంది.

కాబట్టి ముందు ముఖం మార్చాలి, తర్వాతే సున్నం. ముఖం మార్చేది ఎస్‌ఎంబీఎస్, అంటే సోడియం మెటాబైసల్ఫైట్. అది చురుగ్గా పనిచేసేది బాగా పుల్లటి నీటిలోనే, పీహెచ్ రెండుకూ మూడుకూ మధ్య. నాలుగు దాటితే నత్తనడక. మావాడు ముందే సున్నం పోసి నీటిని పది దాటించాడు. ఆ తర్వాత ఎన్ని కిలోలు గుమ్మరించినా ఖర్చే.

చిత్రమేమిటంటే ఇక్కడ అమ్మ సూత్రం తిరగబడింది. పప్పుకు పులుపు చివర. క్రోమ్‌కు పులుపు ముందు. సూత్రం బట్టీపడితే ఇలాగే దెబ్బతింటాం. పట్టుకోవాల్సింది ఇంకా లోపలి సంగతి: ఏ మార్పు ఏ వాతావరణంలో జరుగుతుందో కనుక్కుని, ఆ వాతావరణం ముందు కల్పించాలి. చదువు రాని పిల్లాడికి ముందు భయం పోగొట్టాలా, ఎక్కాలు నేర్పాలా అన్నదీ ఇలాంటి ప్రశ్నే. సరే, అది వేరే అధ్యాయం.

చేసే పద్ధతి ఇది. క్రోమ్ కడిగిన నీళ్లను విడిగా ఒక ప్లాస్టిక్ ట్యాంకులో పట్టండి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను కొంచెం కొంచెంగా, నీటిలోకి యాసిడ్ వెళ్లేట్టు (ఎప్పుడూ ఆ దిశలోనే) పోస్తూ పీహెచ్ 2.5కు దించండి. అప్పుడు ఎస్‌ఎంబీఎస్ కరిగించిన నీళ్లు పోయండి. గాలి ఆడే చోట చేయండి, ఎందుకంటే గంధకపు ఘాటు లేస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు అక్కడ నిలబడకూడదు. లెక్క ప్రకారం కిలో క్రోమియానికి ఎస్‌ఎంబీఎస్ 2.75 కిలోలు చాలు. పనిలో మూడు, మూడున్నర పడుతుంది. అంటే వెయ్యి లీటర్ల నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల క్రోమ్ ఉంటే, మొత్తం క్రోమ్ వంద గ్రాములు, మందు 300 నుంచి 350 గ్రాములు. మావాడు వేసిన రెండు కిలోలు ఎంత దండగో చూశారా?

పసుపు మెల్లగా లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణం ఇష్టం. కానీ తిరిగిందని వెంటనే సున్నం ఎత్తకండి. అరగంట కలియబెట్టండి. నీటి ఆక్సీకరణ బలాన్ని కొలిచే ఓఆర్‌పీ మీటరు ఉంటే 250, 300 మిల్లీవోల్టుల దగ్గర నిలబడిందేమో చూడండి. లేకపోతే డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష ఉంది, కిట్టుగా దొరుకుతుంది. చెంచాడు నీటిలో చుక్క వేస్తే, హెక్సా ఏ మాత్రం మిగిలి ఉన్నా గులాబీ, ఊదా రంగు తేలుతుంది. కన్ను చూడలేనిది ఆ చుక్క చూస్తుంది. రంగు రాకపోతేనే సున్నం. పీహెచ్ ఎనిమిది, ఎనిమిదిన్నర దగ్గర ఆకుపచ్చ బూడిద రంగు మేఘాల్లాంటి తెట్టు కట్టి కిందికి దిగుతుంది.

ఇంతదాకా చదివి మా ఊరి పెద్దమనిషి ఒకాయన అడిగాడు: "దానికింత తతంగం ఎందుకు, అన్నభేది వేస్తే పోదా?" మంచి ప్రశ్న. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, మన నాటు వైద్యులు రక్తం పట్టడానికి వాడిన మందే. అదీ హెక్సా ముఖం మారుస్తుంది. పైగా పులుపు అక్కర్లేకుండా, మామూలు నీటిలోనే మారుస్తుంది. అందుకే ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలో, దేశపు క్రోమైట్‌లో సింహభాగం దొరికే చోట, గనుల నీటిని అన్నభేదితోనే విరుస్తారు. గనిలోంచి ఏరులా ఉబికే నీళ్లను పీహెచ్ 2.5కు దించాలంటే యాసిడ్ ఎన్ని లారీలు కావాలి? తర్వాత దాన్ని మళ్లీ పైకి తేవడానికి సున్నం ఇంకెన్ని? అక్కడ అన్నభేదే దారి. 2007లో ఒక అంతర్జాతీయ సంస్థ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్లలో సుకిందను ఒకటిగా చెప్పాక ఈ నీటి మీద దేశమంతా చూపు పడింది.

కానీ చిన్న షాపులో అన్నభేదికి ఇంకో ఖరీదుంది. కిలో క్రోమియానికి 16 కిలోలు కావాలి. ఆ ఇనుమంతా తిరిగి మడ్డిగా దిగుతుంది. ఇందాకటి వంద గ్రాముల క్రోమ్‌నే తీసుకుంటే, ఎస్‌ఎంబీఎస్ దారిలో ఎండిన మడ్డి సుమారు 200 గ్రాములు, అన్నభేది దారిలో 800 గ్రాముల పైమాటే. మడ్డిని మోయించేది మీరే, దాని కిరాయి కట్టేదీ మీరే. చవక మందు నాలుగు రెట్ల మోతగా తిరిగొస్తుంది. మా ఊరి పెద్దమనిషికి లెక్కలో ఈ చివరి అంకె చూపించాక ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇక సయనైడ్. దీని దగ్గర నా గొంతు మారుతుంది, క్షమించండి.

కొన్ని రకాల జింకు, రాగి, వెండి, బంగారం పూత తొట్లలో సయనైడ్ ఉంటుంది. క్రోమ్ నీటికి పులుపు కావాలన్నాను కదా. సయనైడ్ నీటికి పులుపు తగిలిందా, హైడ్రోజన్ సయనైడ్ వాయువు లేస్తుంది. మనిషి పడిపోవడానికి నిమిషాలు చాలు. అందుకని ఈ రెండు నీళ్లకు గుంట ఒకటి కాకూడదు, కాలవ ఒకటి కాకూడదు, కుర్రాడు వాడే మగ్గు కూడా ఒకటి కాకూడదు. సయనైడ్‌ను విరిచే దారి పూర్తిగా ఎదురు వైపు: పీహెచ్ పదికి పైన ఉంచి హైపోక్లోరైట్ వేస్తే ముందు సయనేట్ అవుతుంది. తర్వాత పీహెచ్ ఎనిమిదిన్నరకు దించి ఇంకొంచెం క్లోరిన్ ఇస్తే నత్రజనిగా, బొగ్గుపులుసు వాయువుగా విడిపోతుంది. మొదటి మెట్టులో పీహెచ్ పది కంటే కిందికి దిగితే సయనోజన్ క్లోరైడ్ అనే మరో విషవాయువు. కిలో సయనైడ్‌కు దాదాపు ఏడు కిలోల క్లోరిన్. ఇవన్నీ మీకు తెలియాలని రాశానే కాని, ఈ పేజీ చూసి చేయమని కాదు. దీనికి శిక్షణ పొందిన మనిషి ఉండాలి. అసలు మంచి సలహా ఇంకోటి ఉంది: జింకు పూతకు సయనైడ్ లేని తొట్లు ఏనాటి నుంచో ఉన్నాయి. వాటికి మారిపోండి. ఇంట్లోకి తేని పామును కొట్టాల్సిన పని లేదు.

మనుషుల మధ్య కూడా ఇలా విడిగా ఉంచాల్సిన గుంటలుంటాయి. అన్నదమ్ముల పంపకాలకు పెద్దమనిషిగా నేను నాలుగైదుసార్లు కూర్చున్నాను. పొలం లెక్క ఒక్కటే మాట్లాడినంతసేపు గొంతులు మామూలుగానే ఉంటాయి. ఎవడో ఒకడు "అమ్మ మంచాన పడ్డప్పుడు ఎవరు చూశారు?" అంటాడు. అంతే, గదిలో ఎవరికీ ఊపిరాడదు. ఆ ప్రశ్న తప్పు కాదు. దానికీ ఒక రోజు, ఒక చోటు, ఒక జవాబు ఉండాలి. పొలం సర్వే నంబర్ల మధ్య ఆ జవాబు దొరకదు. ఇప్పుడు నేను పంచాయితీకి వెళ్తే రెండు కాగితాలు తీస్తాను. ఒకదాని మీద భూమి, రెండోదాని మీద మాటలు. రెండోది ఆ రోజు తెరవను.

మళ్లీ పనికి. రెండు విషాలనూ విడివిడిగా విరిచాకే వాటిని నికెల్, రాగి, జింకు కడిగిన నీళ్లతో కలపవచ్చు. అప్పుడు కూడా ఒక కంత ఉంది. సయనైడ్ గుంటలో క్లోరిన్ మిగిలిపోయి ఉంటే, అది మీరు కష్టపడి మార్చిన క్రోమ్‌ను మళ్లీ పసుపు ముఖానికి తిప్పగలదు. కలిపే ముందు మిగులు క్లోరిన్ పరీక్ష తప్పదు.

సున్నం దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే, "ఇంకొంచెం వేస్తే ఇంకా మంచిది" అనుకోవడం. తాంబూలం వేసుకునే వాళ్లను అడగండి, సున్నం ఎక్కువైతే ఏమవుతుందో. క్రోమియం ఎనిమిది, ఎనిమిదిన్నర దగ్గర చక్కగా దిగుతుంది. పీహెచ్ పది దాటుతుంటే మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. జింకుకు తొమ్మిది, తొమ్మిదిన్నర బాగుంటుంది, పదకొండుకు పోతే అదీ కరుగుతుంది. నికెల్ మాత్రం పది దాటితే గాని పూర్తిగా దిగదు. మరి మూడూ ఒకే నీటిలో ఉంటే? రెండు మెట్లలో దించడం మేలు: ముందు ఎనిమిదిన్నర దగ్గర క్రోమ్‌ను దించి తేట వేరు చేసి, ఆ తేటను పైకి తీసుకెళ్లి నికెల్‌ను దించడం. చోటు లేదంటే తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య రాజీ. రాజీ పడ్డప్పుడు నికెల్ అంకె మీద కన్నేసి ఉంచండి, హద్దు లీటరుకు మూడు మిల్లీగ్రాములు. మొత్తం క్రోమియానికి రెండు, జింకుకు ఐదు. వదిలే నీటి పీహెచ్ ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఉండాలి కాబట్టి, చివర కాస్త యాసిడ్‌తో దించాల్సి వస్తుంది, అదీ తేట వేరు చేశాకే. మడ్డి ఉండగా దించితే దిగినవన్నీ లేచి కూర్చుంటాయి.

అమ్మోనియా, ఈడీటీఏ లాంటివి కలిసిన నీళ్లయితే లోహాన్ని గట్టిగా పట్టుకుని దిగనివ్వవు. వాటికి సల్ఫైడ్ మందులున్నాయి. అది అనుభవజ్ఞుల పని, ఇక్కడ ఆపేస్తాను.

నన్ను ఎవరైనా "ఒక్క మాటలో ఏం చేయమంటావు" అని అడిగితే మందుల పేరు ఒక్కటీ చెప్పను. తొట్టిలోంచి తీసిన సరుకును తొట్టి పైనే పావు నిమిషం ఎక్కువ వేలాడదీయమంటాను. కారిన ప్రతి చుక్కా తిరిగి తొట్టిలోనే పడితే అది మీ డబ్బు. కడుగు నీటిలో పడితే అది మీ శత్రువు. రెండోది, కడుగు తొట్లు. ఒక్క తొట్టిలో నీళ్లు పారిస్తూ కడిగితే, సరుకుతో అంటుకొచ్చిన లీటరు మందును వెయ్యి రెట్లు పలచన చేయడానికి వెయ్యి లీటర్ల నీళ్లు పోతాయి. అదే రెండు తొట్లు వరసగా పెట్టి, సరుకు ఇటు నుంచి అటు, నీళ్లు అటు నుంచి ఇటు పోయేట్టు చేస్తే 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే పది. నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు. కాగితం మీద వేసి చూసుకున్నాను: వెయ్యికి వర్గమూలం, ఘనమూలం. మావాడికి ఇది చెప్పినప్పుడు వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మరి కరెంటు ఖర్చు?" ఎదురు నీటికి మోటారు అక్కర్లేదు, తొట్లు మెట్లుగా పెడితే నీళ్లే దిగుతాయి.

అంతా అయ్యాక మడ్డి మిగులుతుంది. జనం ఇక్కడ చేతులు కడుక్కుంటారు. ఒక మాట గుర్తుంచుకోండి, సయనైడ్‌ను విరగ్గొట్టి గాలిలోకి పంపగలం, లోహాన్ని మాత్రం ఎవరూ చంపలేరు. మనం చేసిందల్లా దాన్ని నీటిలోంచి పట్టి, చేతికి దొరికే రూపంలో పెట్టడం. దొరికినదాన్ని పెరట్లో పాతితే మళ్లీ వదిలేసినట్టే. తమిళనాడు రాణిపేటలో మూతబడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ పక్కన లక్షన్నర టన్నుల పైచిలుకు క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలింది. ఫ్యాక్టరీ ఆగింది, వాన ఆగలేదు. వానకు తడిసినప్పుడల్లా ఆ గుట్టలోంచి పసుపు నీళ్లు దిగుతూనే ఉన్నాయి.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం మడ్డిని 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. నేల గచ్చు చేసి, పైన కప్పు వేసి, సంచుల మీద చీటీ అంటించి ఉంచాలి. అనుమతి ఉన్న శుద్ధి, పాతర కేంద్రానికి అనుమతి ఉన్న వాహనంలోనే పంపాలి, దానితో పాటు ఫారం 10 అనే రవాణా పత్రం వెళ్లాలి. ఒడిశాలో ఆ కేంద్రం జాజ్‌పూర్ జిల్లాలోనే ఉంది. దేశపు క్రోమైట్ పుట్టిన జిల్లాకే మన షాపుల క్రోమ్ మడ్డి తిరిగి చేరడం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. చిన్న షాపులకు అంత దూరం లారీ భారమే. నలుగురు కలిసి ఒకే రోజు పంపుకుంటే దారి ఖర్చు తగ్గుతుంది. కానీ ఎవరి సంచి ఎవరిదో, ఎవరి ఫారం ఎవరిదో విడిగానే ఉండాలి. ఇక్కడా అదే మాట, చూశారా.

ఈ వారం మీకో పని. ప్లేటింగ్ షాపు ఉన్నవాళ్లు నాలుగు గాజు గ్లాసులు తీసుకుని, ఒక్కోదానిలో మీ క్రోమ్ కడుగు నీళ్లు సమానంగా పోయండి. ఒకదానికి సున్నం ముందు, మందు తర్వాత. రెండోదానికి పులుపు, మందు, సున్నం. మూడోదానికి పులుపు, మందు వేసి, అరగంట ఆగకుండా వెంటనే సున్నం. నాలుగోదానికి ఏమీ వేయకండి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు మరవకండి. గంట తర్వాత నాలుగింటిలోంచీ చెంచాడు చొప్పున నీళ్లు తీసి, పులుపు కలిపి, కార్బజైడ్ చుక్క వేసి చూడండి. షాపు లేనివాళ్లు మీ పనిలో ఈ నెల రెండోసారి చేయాల్సి వచ్చినదాన్ని ఒకటి పట్టుకుని, మొదటిసారి ఏది ముందు చేశారో, ఏది తర్వాత చేశారో కాగితం మీద రాయండి. తప్పు ఎక్కడుందో రాయొద్దు. వరస మాత్రమే రాయండి. నేను ఈ రెండో పని చేసినప్పుడు నా మీద నాకు జాలేసింది. ఏళ్ల తరబడి ప్రతి కొత్త ఉద్యోగంలోనూ ముందు సలహా ఇచ్చి, తర్వాత పని నేర్చుకున్నాను.

ఫోన్ వచ్చిన మరుసటి వారం నేను రాయగడ వెళ్లాను. మావాడి షాపులో కొత్తగా రెండు ట్యాంకులు, ఒకదాని మీద పసుపు పెయింటు గీత, రెండోదాని మీద ఏమీ లేదు. గీత ఉన్నది క్రోమ్‌కు. వాడు యాసిడ్ పోశాడు, పేపరు ముంచి చూశాడు, 2.5. ఎస్‌ఎంబీఎస్ తూకం వేసి కరిగించి పోశాడు, ఈసారి 340 గ్రాములు. కలియబెట్టే కర్ర కుర్రాడికిచ్చి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. అరగంట నిలబడటం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. చుక్క వేశాడు. గులాబీ రాలేదు. సున్నం పడ్డాక తెట్టు దిగడానికి ఇంకో గంట పట్టింది. పైన నీళ్లు బోరు నీళ్లంత తేటగా ఉన్నాయి.

వాడి చెయ్యి వాల్వు మీదికి పోయింది.

"నోటుబుక్కు ఏదిరా?" అన్నాను.

"రాత్రికి రాస్తాను మావయ్యా."

"ముందు రాయి. తర్వాత తిప్పు."

లోపలి నుంచి మా చెల్లి భోజనానికి రమ్మని కేకేస్తోంది. వాడు ఆకుపచ్చ మరకల చేతులతో పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు.